టెలిస్కోప్‌కి మొదటి అప్‌గ్రేడ్ పెద్ద అద్దం కాదు, చిన్న మోటార్

ఫోన్ కొనేటప్పుడు ఇప్పుడు మనల్ని బోల్తా కొట్టించడం అంత ఈజీ కాదు. బాక్స్ మీద 108 మెగాపిక్సెల్ అని ఎంత పెద్దగా రాసినా, "అది సరే గానీ సెన్సర్ ఏంటి, ఓఐఎస్ ఉందా, ఆటోఫోకస్ ఎలా ఉంది" అని అడుగుతున్నాం. అదే మనం టెలిస్కోప్ కొనబోతే మాత్రం రెండే ప్రశ్నలు: "అద్దం ఎన్ని ఇంచులు? ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుంది?" ఫోకసర్ గురించి అడిగేవాళ్లు నాకు ఇంతవరకు పెద్దగా తగల్లేదు.

ఫోకసర్ అంటే టెలిస్కోప్‌లో ఐపీస్‌నో కెమెరానో ముందుకు వెనక్కి జరిపే భాగం. పక్కన ఒక నాబ్ ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పుతాం. ఆ నాబ్‌కి ఒక చిన్న స్టెప్పర్ మోటార్ తగిలిస్తే అది మోటార్ ఫోకసర్. బటన్‌తోనో, ఫోన్‌తోనో, ల్యాప్‌టాప్‌తోనో నడుస్తుంది. చాలామంది దీన్ని "ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది" అనే లిస్టులో పడేస్తారు. నా అభిప్రాయం వేరు. ఆకాశాన్ని ట్రాక్ చేసే మౌంట్ మీ దగ్గర ఉండి, ఫోటోలు తీయాలని ఉంటే, తర్వాతి పైసలు పెద్ద అద్దం మీద కాదు, కొత్త కెమెరా మీద కూడా కాదు, ఈ మోటార్ మీద పెట్టండి. ఎందుకో లెక్కలతో చెప్తాను.

మీ జేబులో ఇప్పటికే ఒకటి ఉంది

ముందు ఒక విషయం. మీ ఫోన్ కెమెరాలో మోటార్ ఫోకసర్ ఉంది. దాని పేరు వాయిస్ కాయిల్ మోటార్. కాయిల్‌లో కరెంట్ పోతుంది, పక్కనే అయస్కాంతం ఉంటుంది, లెన్స్ ముందుకీ వెనక్కీ కదులుతుంది. స్క్రీన్ మీద టచ్ చేసిన ప్రతిసారీ జరిగేది ఇదే.

లెన్స్ ఎఫ్ నంబర్ తెలిస్తే, ఫోకస్ షార్ప్‌గా ఉండే జోన్ ఎంత మందమో ఒక సింపుల్ లెక్కతో తెలుస్తుంది. కాంతి తరంగదైర్ఘ్యాన్ని 4తో, ఎఫ్ నంబర్ వర్గంతో గుణించాలి. ఆకుపచ్చ కాంతికి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రాన్ అనుకుందాం. ఎఫ్/1.8 ఫోన్ లెన్స్‌కి ఆ జోన్ దాదాపు 7 మైక్రాన్లు. అంత సన్నని జోన్‌లోకి లెన్స్‌ని చేత్తో తేవడం ఎవరి వల్లా కాదు. అందుకే ఫోన్ మీద ఫోకస్ నాబ్ ఎందుకు లేదని ఎవరూ అడగరు.

ఇప్పుడు టెలిస్కోప్‌కి రండి. బిగినర్స్ ఎక్కువగా కొనే సైజుల్లో 6 ఇంచుల ఎఫ్/5 న్యూటోనియన్ ఒకటి. అదే లెక్క వేస్తే జోన్ 55 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం కూడా దాదాపు అంతే, లేదా కాస్త ఎక్కువ.

మామూలు ర్యాక్ అండ్ పినియన్ ఫోకసర్ నాబ్‌ని ఒక రౌండ్ తిప్పితే ట్యూబ్ సుమారు 20 మిల్లీమీటర్లు కదులుతుంది అనుకుందాం. 20 మిల్లీమీటర్లను 360 డిగ్రీలతో భాగించండి. ఒక డిగ్రీకి 55 మైక్రాన్లు! అంటే నాబ్ ఒక్క డిగ్రీ ఎక్కువ తిరిగితే మీరు ఫోకస్ జోన్ దాటి అవతలికి వెళ్లిపోయినట్టే. గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషంలో 6 డిగ్రీలు తిరుగుతుంది. అందులో ఆరో వంతు. చలిలో, చీకట్లో, వణికే వేళ్లతో ఆ పని చేయాలి.

అదే నాబ్‌కి 28బీవైజే-48 అనే చిన్న మోటార్ పెట్టండి. ఆర్డునోతో ఆడుకున్న ప్రతి బీటెక్ పిల్లాడికీ ఈ నీలం మూత మోటార్ తెలుసు. లోపల గేర్లు ఉండటం వల్ల ఒక రౌండ్‌కి 2048 స్టెప్పులు వేస్తుంది. ఒక్కో స్టెప్పుకి దాదాపు 10 మైక్రాన్లు. 55 మైక్రాన్ల జోన్‌లో మీకు ఐదు స్టెప్పులు దొరుకుతాయి. చేతికి ఒక్క డిగ్రీ దొరకడమే కష్టం. కొన్ని వందల రూపాయల మోటార్ దాన్ని ఐదు ముక్కలు చేసి ఇస్తోంది.

ముట్టుకుంటే ఊగుతుంది

రెండో సమస్య మన చెయ్యే. 150 రెట్ల మీద శనిగ్రహాన్ని చూస్తూ నాబ్ ముట్టుకున్నారనుకోండి, గ్రహం డ్యాన్స్ చేస్తుంది. చెయ్యి తీసేసి, ఊగడం ఆగేదాకా కొన్ని సెకన్లు ఆగాలి. అప్పుడు చూస్తే ఫోకస్ కాస్త పక్కకి ఉంటుంది. మళ్లీ ముట్టుకోవాలి, మళ్లీ ఊగుతుంది. ట్రైపాడ్ ఎంత చీప్‌గా ఉంటే ఇది అంత ఎక్కువ. మన బడ్జెట్‌లో వచ్చే ట్రైపాడ్ల సంగతి మీకు తెలిసిందే.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మీరు కొలిచే ప్రతిసారీ మీ కొలతే సిస్టమ్‌ని కదిలిస్తోంది. అలాంటి లూప్ ఎప్పటికి సెటిల్ అవ్వాలి? మోటార్ ఉంటే చెయ్యి దూరంగా ఉంటుంది. గ్రహం ఊగదు. ఫోకస్ మారడం లైవ్‌లో చూస్తూ సరిగ్గా కావాల్సిన చోట ఆపొచ్చు.

స్కూల్ పిల్లలకు చంద్రుణ్ని చూపించినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒకరికి కళ్లద్దాలు ఉంటాయి, ఒకరికి ఉండవు. ఒకరికి సరిపోయిన ఫోకస్ ఇంకొకరికి సరిపోదు. ప్రతి పిల్లాడూ నాబ్ పట్టుకుని లాగితే పదో పిల్లాడి వంతు వచ్చేసరికి చంద్రుడే ఫ్రేమ్‌లో ఉండడు. వైరుతో ఉండే చిన్న రిమోట్ పిల్లల చేతికి ఇచ్చి, "రెండు బటన్లు ఉన్నాయి, మంచిగా కనిపించేదాకా నొక్కు" అంటే చాలు. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్లే సెట్ చేసుకుంటారు.

మానుకోట చలి, ట్యూబ్ కొలత

మూడోది అసలైనది. ఫోకస్ ఒకసారి పెట్టేస్తే రాత్రంతా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు.

డిసెంబర్, జనవరిలో మహబూబాబాద్ వైపు సాయంత్రానికీ తెల్లవారుజాముకీ చాలా తేడా ఉంటుంది. రాత్రి ఏడింటికి టీషర్ట్‌తో కూర్చున్న మనిషి నాలుగింటికి రెండు దుప్పట్లు కప్పుకుంటాడు. 12 డిగ్రీలు తగ్గిందనుకుందాం. లోహం చల్లబడితే కుంచించుకుపోతుంది. స్టీల్ అయితే ప్రతి మీటరుకీ, ప్రతి డిగ్రీకీ సుమారు 12 మైక్రాన్లు. అల్యూమినియం అయితే 23.

మన 6 ఇంచుల టెలిస్కోప్‌లో అద్దం నుంచి ఫోకసర్ దాకా ట్యూబ్ పొడవు సుమారు 60 సెంటీమీటర్లు. స్టీల్ ట్యూబ్ 12 డిగ్రీలకు 86 మైక్రాన్లు తగ్గుతుంది. అల్యూమినియం అయితే 166. జోన్ మొత్తం 55 మైక్రాన్లే అని గుర్తు పెట్టుకోండి. అంటే సాయంత్రం ఎంత పర్ఫెక్ట్‌గా ఫోకస్ పెట్టినా అర్ధరాత్రి దాటేసరికి నక్షత్రాలు ఉబ్బుతాయి. మీరు కెమెరా ఆన్ చేసి పడుకుంటే పొద్దున లేచి చూసేది ఆ ఉబ్బిన ఫైళ్లనే.

ఇది చిన్న టెలిస్కోపులకే ఉన్న జబ్బు కాదు. హబుల్ స్పేస్ టెలిస్కోప్ ఫ్రేమ్ గ్రాఫైట్ ఎపాక్సీతో చేసింది. అంతరిక్షంలో దానిలోని తేమ మెల్లగా బయటికి పోతూ ఫ్రేమ్ కుంచించుకుపోయింది. నాసా వాళ్లు కింద నుంచి కమాండ్ పంపి సెకండరీ మిర్రర్‌ని కొన్ని మైక్రాన్లు జరిపి ఫోకస్ సరిచేస్తూ వచ్చారు. అంత ఖరీదైన టెలిస్కోప్‌కే ఫోకస్ కదిలితే, మన స్టీల్ ట్యూబ్ ఎంత?

మన దేశం ఉదాహరణ కూడా ఉంది. లడఖ్‌లోని హన్లేలో దాదాపు 4500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. దాన్ని బెంగళూరు దగ్గర హోస్కోటె నుంచి శాటిలైట్ లింక్ మీద నడుపుతారు. అక్కడ నాబ్ తిప్పడానికి ఎవరు నిలబడతారు? ప్రొఫెషనల్స్‌కి మోటార్ ఫోకస్ అనేది చర్చే కాదు.

బేగంపేట ప్లేట్ల కాలం

హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ అని ఒకటి ఉండేదని మనలో ఎంతమందికి తెలుసు? నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టారు. తర్వాత బేగంపేటలో నడిచింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలు తీసిన కార్ట్ డు సీల్ ప్రాజెక్టులో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది. 8 ఇంచుల కుక్ కెమెరా టెలిస్కోప్‌తో గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు.

గాజు ప్లేటు అంటే ఏంటో ఆలోచించండి. ఎక్స్‌పోజర్ అయ్యాక డార్క్‌రూమ్‌లో డెవలప్ చేస్తేనే ఫోకస్ కుదిరిందో లేదో తెలిసేది. వాళ్ల ఫీడ్‌బ్యాక్ లూప్ గంటల్లో. మనకు అది సెకన్లలో వస్తోంది. ఇంత దొరికాక కూడా ఫోకస్‌ని అందాజాకి వదిలేయడం నాకు అర్థం కాదు.

ఆటోఫోకస్ లోపల ఏం జరుగుతుంది

కోడ్ రాసేవాళ్లకు ఇది నచ్చే పార్ట్. సాఫ్ట్‌వేర్ ముందుగా ఫోకసర్‌ని కావాలని ఒక పక్కకి జరుపుతుంది. అక్కడి నుంచి సమానమైన అడుగులు వేస్తూ ఒక్కో చోట ఒక్కో ఫోటో తీస్తుంది. మొత్తం ఏడో, తొమ్మిదో ఫోటోలు. ప్రతి ఫోటోలో కనిపించే నక్షత్రాల సైజు కొలుస్తుంది. ఒక నక్షత్రం వెలుగులో సగం ఎంత రేడియస్ లోపల పడిందో లెక్కేస్తే అదే దాని సైజు. ఆ పాయింట్లు గ్రాఫ్ మీద పెడితే ఇంగ్లిష్ వీ అక్షరం షేప్ వస్తుంది. దానికి కర్వ్ ఫిట్ చేసి, అట్టడుగు పాయింట్ ఎక్కడుందో కనుక్కుని మోటార్‌ని అక్కడికి పంపుతుంది. మొత్తం రెండు మూడు నిమిషాలు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, అది ఒక్క ఫోటో చూసి "ఇదే షార్ప్" అనదు. గాలి కదలిక వల్ల నక్షత్రం ఒక క్షణం లావుగా, ఒక క్షణం సన్నగా కనిపిస్తుంది. మన కన్ను ఆ క్షణానికి మోసపోతుంది. చాలా నక్షత్రాలు, చాలా ఫోటోలు కలిపి లెక్కేస్తే ఆ నాయిస్ తగ్గిపోతుంది. ప్రతి గంటకోసారి, లేదా టెంపరేచర్ రెండు డిగ్రీలు మారితే మళ్లీ ఫోకస్ చెయ్యి అని ముందే చెప్పి పెట్టొచ్చు. విండోస్‌లో నినా, లినక్స్‌లో కేస్టార్స్‌తో వచ్చే ఎకోస్ రెండూ ఈ పని చేస్తాయి, రెండూ ఫ్రీ.

మనకున్న రాత్రులు ఎన్ని?

నా వాదనంతా ఇక్కడే ఉంది. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం వైపు అడవి దగ్గరికి పోతే హైదరాబాద్‌లో కలలో కూడా కనిపించని ఆకాశం ఉంది. కానీ మనలో చాలామందికి ఉద్యోగం అక్కడ, ఆకాశం ఇక్కడ. శుక్రవారం సాయంత్రం ట్రైన్ ఎక్కితే రాత్రికి ఊళ్లో దిగుతాం.

జూన్ నుంచి సెప్టెంబర్ వాన. మిగిలింది 8 నెలలు, అంటే 8 అమావాస్యలు. అమావాస్యకు దగ్గరున్న వీకెండ్ ఒక్కటే లెక్కేసుకుంటే శుక్ర, శని కలిపి ఏడాదికి 16 రాత్రులు. అందులో మబ్బు, పొగమంచు, ఆఫీస్ రిలీజులు, బంధువుల పెళ్లిళ్లు పోగా ఎన్ని మిగులుతాయో మీరే లెక్కేసుకోండి.

ఒక రాత్రిలో ఐదు సార్లు ఫోకస్ సరిచేయాలి అనుకుందాం. చేత్తో అయితే ఒక్కోసారి 10 నిమిషాలు, మొత్తం 50. మోటార్‌తో 3 నిమిషాల చొప్పున 15. రాత్రికి 35 నిమిషాలు మిగిలాయి. 16 రాత్రులకు 9 గంటలకు పైనే. దాదాపు ఒక పూర్తి రాత్రి ఫ్రీగా వచ్చినట్టు. పెద్ద అద్దం కొంటే వెలుతురు ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ ఆ వెలుతురు ఉబ్బిన నక్షత్రంలోకి పోతే ఏం లాభం? పైగా పెద్ద ట్యూబ్‌కి పెద్ద మౌంట్ కావాలి, దాన్ని ట్రైన్‌లో మోసుకురావాలి. మోటార్ బ్యాగ్ సైడ్ జేబులో పడుతుంది.

ఫిబ్రవరి, మార్చిలో ఇంకో సంగతి. మావైపు మిర్చి కల్లాలు మొదలవుతాయి. చదునైన ఖాళీ జాగ, చుట్టూ చీకటి, కాపలాకి ఎవరో ఒకరు మేల్కొని ఉంటారు. టెలిస్కోప్ పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. కాకపోతే మిర్చి ముట్టుకున్న చేత్తో ఐపీస్ ముట్టుకుని కన్ను పెడితే ఆ రాత్రి ఖతం. అక్కడ రిమోట్ బటన్ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు!

వద్దు అనేవాళ్ల మాట

"బాటినోవ్ మాస్క్ ఉండగా మోటార్ ఎందుకు?" ఇది మంచి ప్రశ్న. రష్యాకు చెందిన పావెల్ బాటినోవ్ తయారుచేసిన ఈ మాస్క్ గీతలు కోసిన ఒక మూత. టెలిస్కోప్ ముందు పెడితే నక్షత్రం చుట్టూ మూడు గీతలు వస్తాయి, మధ్య గీత సరిగ్గా మధ్యలోకి వస్తే ఫోకస్ కుదిరినట్టు. చీప్, బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అందరి దగ్గరా ఉండాల్సిందే. కానీ అది ఫోకస్ ఎక్కడుందో చూపిస్తుంది, అక్కడికి తీసుకెళ్లదు. రాత్రి రెండింటికి మీరు లేచి దాన్ని పెట్టాలి, నాబ్ తిప్పాలి, తీయడం మర్చిపోకూడదు.

"డ్యూయల్ స్పీడ్ నాబ్ చాలు కదా?" పదో వంతు స్పీడుతో తిరిగే చిన్న నాబ్ మంచిదే. చూడటానికి మాత్రమే వాడేవాళ్లకు అది సరిపోతుంది. కానీ చెయ్యి ముట్టుకోవడం తప్పదు, చలికి ట్యూబ్ కుంచించుకోవడమూ ఆగదు.

మోటార్‌కీ లోపాలు ఉన్నాయి, దాచడం ఎందుకు. మొదటిది బ్యాక్‌లాష్. గేర్ల మధ్య ఖాళీ వల్ల దిశ మార్చినప్పుడు మొదటి కొన్ని స్టెప్పులు వృథాగా పోతాయి. 28బీవైజే-48లో ఇది బాగానే ఉంటుంది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి ఫోకస్ పాయింట్‌కి వచ్చేలా సెట్టింగ్ పెడితే చాలావరకు పోతుంది. రెండోది బలం. బరువైన డీఎస్ఎల్ఆర్‌ని ఈ బుజ్జి మోటార్ పైకి లాగలేదు, దానికి గేర్‌బాక్స్ ఉన్న నీమా 17 లాంటిది కావాలి. మూడోది, ఫోకసరే లూజుగా ఊగుతుంటే మోటార్ ఏమీ చేయలేదు. ముందు ఫోకసర్ బిగించండి, తర్వాత మోటార్.

కొనాలా, వద్దా?

కంటితో మాత్రమే చూస్తారు, డాబ్సోనియన్ ఉంది, ఫోటోల గోల లేదు. అయితే వద్దు. ఆ పైసలతో మంచి ఐపీస్ కొనుక్కోండి.

ఫోన్‌ని ఐపీస్ దగ్గర క్లాంప్ చేసి చంద్రుణ్ని, గ్రహాల్ని తీస్తారు. అయితే మీరే తయారుచేసుకోండి. ఆర్డునో, మోటార్, డ్రైవర్ బోర్డ్, ఒక బెల్ట్. ఓపెన్ సోర్స్ కోడ్ దొరుకుతుంది. ఒక్క టిప్: ఫోన్ ఆటోఫోకస్‌ని ప్రో మోడ్‌లో లాక్ చేసి, ఫోకస్ పని మొత్తం టెలిస్కోప్‌కే వదిలేయండి. రెండు ఫోకసర్లు ఒకేసారి వెతుక్కుంటే ఏదీ కుదరదు.

ట్రాకింగ్ మౌంట్, కెమెరా ఉన్నాయి, నెబ్యులాలు తీయాలి. అయితే రెడీమేడ్‌ది తీసుకోండి. మిడ్‌రేంజ్ ఫోన్‌కి పెట్టే డబ్బు పెట్టాల్సి వస్తుంది, కానీ ఫోన్‌లా రెండేళ్లకు పాతబడదు. టెలిస్కోప్ మార్చినా బ్రాకెట్ మార్చి దీన్నే వాడొచ్చు. టెంపరేచర్ సెన్సర్ ఉందో లేదో, మీ ఫోకసర్‌కి బ్రాకెట్ దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. 5 వోల్టుల మోడల్ అయితే పవర్ బ్యాంక్‌తో నడుస్తుంది, పొలం దగ్గర అది పెద్ద ప్లస్.

స్మార్ట్ టెలిస్కోప్ కొందామనుకుంటే, కంపెనీలు ఇప్పటికే ఈ చర్చ ముగించేశాయి. 2023లో వచ్చిన జెడ్‌డబ్ల్యూఓ సీస్టార్ ఎస్50 చూడండి. లెన్స్ 50 మిల్లీమీటర్లే, కానీ ఆటోఫోకస్ లోపలే ఉంది. యూనిస్టెల్లార్ వాళ్ల పాత ఈవీస్కోప్‌లో ఫోకస్ చేత్తో తిప్పాల్సి వచ్చేది, తర్వాత వచ్చిన ఒడిస్సీలో ఆటోఫోకస్ పెట్టారు. అద్దం పెంచడం కంటే ఫోకస్ మెషిన్‌కి అప్పగించడమే కొత్తవాళ్లకు ముఖ్యమని వాళ్లకు అర్థమైంది.

మన జిల్లాల్లో ఇంజనీరింగ్ చదివే వాళ్లకు ఒక మాట. లైన్ ఫాలోయర్ రోబో ఈపాటికి ప్రతి బ్యాచ్ చేసేసింది. ఈసారి మినీ ప్రాజెక్టుగా ఫోకసర్ చేయండి. మోటార్ కంట్రోల్, సెన్సర్, ఇమేజ్ ప్రాసెసింగ్, కర్వ్ ఫిటింగ్ అన్నీ అందులో ఉన్నాయి. వైవా అయిపోయాక దాన్ని బీరువాలో పెట్టకుండా, టెలిస్కోప్ ఉన్న ఏదో ఒక గవర్నమెంట్ స్కూల్‌కి తగిలించి రండి. ఆ స్కూల్ పిల్లలు శని వలయాలు ఊగకుండా చూస్తారు. మీ రెజ్యూమేలో ఆ ఒక్క లైన్ మిగతా ప్రాజెక్టులన్నిటికంటే బరువుగా ఉంటుంది.